ఒకరికి పడుకున్నా నిద్ర రాదు, ఇంకొకరికి కూర్చున్నా ఆగదు

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా లావేరు మండలం నుంచి ఓ సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 39 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు, చుడీదార్లు కుడతారు. ఏడాదిగా ఒంట్లో సత్తువ లేదు. రాత్రి ఎనిమిదిన్నరకే పక్క ఎక్కుతారు గానీ పదకొండు దాకా కన్ను మూతపడదు. మూడింటికి మెలకువ వస్తే ఇక ఫోనే దిక్కు. నాలుగున్నరకి లేవాలి. మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాలుస్తారు, కునుకు మాత్రం పట్టదు. డాబా మెట్లెక్కితే ఆయాసం. జుట్టు రాలుతోంది. రాత్రి పక్క మీద కాళ్లు లాగుతుంటాయి, ఊపుతుంటే గానీ నిమ్మళించవు. నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది. టీ రోజుకు ఐదుసార్లు, ఆఖరిది సాయంత్రం ఆరింటికి. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు సెలైన్లు ఎక్కించారు, సూదులు వేశారు. నెలన్నరగా మందుల షాపులో కొన్న అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర (0.25) సగం చొప్పున రోజూ వేసుకుంటున్నారు.

భర్తకు 44. పైడిభీమవరం వైపు ఓ మందుల కంపెనీలో ఆపరేటరు. ఏ, బీ, సీ షిఫ్టులు వారానికొకటి మారుతుంటాయి. సీ షిఫ్టు అయ్యాక ఉదయం ఆరింటికి రణస్థలం మీదుగా హైవేపై బండి మీద ఇంటికి వస్తారు. గట్టి గురక. మధ్యలో ఊపిరి ఆగినట్టై, ఉలిక్కిపడి మళ్లీ మొదలవుతుంది. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. సెలవు రోజున కూడా టీవీ ముందు, పెళ్లిళ్లలో కుర్చీలోనే జోగుతారు. ఈమధ్య బండి రోడ్డు దిగి తుప్పల్లోకి పోయింది. "నైట్ డ్యూటీ నీరసం, నాకేటీ అవదు" అంటున్నారట. పగలు పడుకోవడానికి ఆయనకూ ఒకసారి ఆ మాత్ర సగం ఇచ్చానని రాశారు.

ఆమె పుట్టిల్లు కవిటి. మేనమామ కిడ్నీ జబ్బుతో పోయారు, అన్న డయాలసిస్‌లో ఉన్నారు. "మా ఇద్దరిదీ ఒకటే జబ్బా? నాకూ కిడ్నీయేనా? ఏ టానిక్ వాడాలి? ఆయన ఉద్యోగం మానేయాలా? మా అత్త 'ఎప్పుడు చూసినా తొంగునుంటాది' అంటోంది, ఏం చెప్పను?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం: అమ్మా, మీ ఇద్దరిదీ ఒకే జబ్బు కాదు. ఇద్దరూ నీరసమనే అంటున్నారు కాబట్టి అలా కనిపిస్తోంది. మీ ఉత్తరాన్ని బట్టి మీకున్నది అలసట, మీ ఆయనకున్నది నిద్రమత్తు. అలసటలో పని చేసే శక్తి ఉండదు, కూర్చోవాలని, వాలాలని ఉంటుంది, వాలినా నిద్ర రాదు. నిద్రమత్తులో వద్దనుకున్నా రెప్పలు వాలిపోతాయి, కూర్చున్నచోటే కునుకు పట్టేస్తుంది. ఒకరికి చేయాల్సింది ఇంకొకరికి చేస్తే ఇద్దరికీ నష్టమే. మీరు ఇంకా ముందుగా పడుకుంటే మీ నిద్ర ఇంకా చెడుతుంది. ఆయన టానిక్ తాగి బండెక్కితే ఏం జరగొచ్చో తుప్పల్లోకి పోయినరోజే మీరు చూశారు.

తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మధ్యాహ్నం రెండింటికి చీకటి గదిలో, ఫోను లేకుండా ఇరవై నిమిషాలు పడుకోవాలి. అలసిన మనిషి కప్పు చూస్తూ గడుపుతారు. నిద్రమత్తున్న మనిషి ఐదారు నిమిషాల్లో గురక పెడతారు. నిద్ర పరీక్షల ల్యాబుల్లో చేసేదీ దాదాపు ఇదే. రెండేసి గంటలకోసారి నాలుగైదుసార్లు పడుకోబెట్టి, ఎన్ని నిమిషాల్లో నిద్రలోకి జారారో కొలుస్తారు. సగటు ఎనిమిది నిమిషాలు, అంతకన్నా తక్కువైతే మామూలు కాదని లెక్క.

కాగితం మీద చేసేది ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియా డాక్టరు ముర్రే జాన్స్ 1991లో ఇచ్చిన ఎప్‌వర్త్ నిద్రమత్తు కొలమానం. ఎనిమిది సందర్భాలు: చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలోనో హాల్లోనో ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు బండిలో ప్రయాణికుడిగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం వాలినప్పుడు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, భోజనం చేసి నిదానంగా కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో ఆగిన కారులో ఉన్నప్పుడు. ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. అలసట అనిపిస్తుందా అని కాదు, కునుకు పడుతుందా అని వేసుకోవాలి. మొత్తం 24లో పది దాటితే డాక్టరుకు చూపించాలి. మీరు రాసినదాన్నిబట్టి మీకు నాలుగైదు మించవు. మీ ఆయనకు పదిహేను దాటేలా ఉంది. ఆయన మార్కులు ఆయనే వేసుకుంటే తగ్గించి వేస్తారు. మీరూ విడిగా వేయండి.

ఇలా ఎందుకవుతుందంటే, మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అదే మనిషిని నిద్రలోకి తోస్తుంది, నిద్రపోతే తగ్గుతుంది. దీనికి తోడు ఒంట్లోని గడియారం ఒకటి. తెల్లవారుజాము మూడు నుంచి ఆరు దాకా, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అది మనిషిని కిందికి లాగుతుంది. టీలోని కెఫీన్ అడినోసిన్‌ను తగ్గించదు, అది అంటుకునే చోట తాను కూర్చుని కాసేపు కనబడనీయదు, అంతే. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే మీ ఆరింటి టీలో సగం పదకొండింటికి ఇంకా ఒంట్లోనే ఉంది. అలసటకు ఇలాంటి ఒకే మూలం ఉండదు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, షుగర్ పెరిగినా, మనసు కుంగినా, చెడు నిద్ర నెలల తరబడి సాగినా ఒళ్లు ఒకేలా బరువెక్కుతుంది.

మీరు ఎక్కువ మీ గురించే రాశారు గానీ, ముందు తేలాల్సింది మీ ఆయన సంగతి. నైట్ డ్యూటీ వల్లే అయితే సెలవుల్లో తేరుకోవాలి. సెలవునాడు కూడా జోగుతున్నారంటే, నిద్రపోయిన గంటల్లోనే ఏదో లోపం ఉందని. గురక, మధ్యలో ఊపిరి ఆగడం, రెండు మాత్రలు వాడాల్సిన బీపీ కలిస్తే ముందు అనుమానించాల్సింది స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోయి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఇది గంటకు పదులసార్లు జరుగుతుంటే ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర దక్కదు. ఆయనకు ఇవేవీ గుర్తుండవు కాబట్టి తాను బాగానే పడుకున్నానంటారు.

దీనికి డాక్టర్లు చూసే ఎనిమిది గుర్తులున్నాయి. గట్టి గురక, పగటి మత్తు, ఊపిరి ఆగడం ఇంకొకరు చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవారు కావడం. ఐదు, అంతకు మించితే ముప్పు ఎక్కువ. మీ ఆయనకు మీ ఉత్తరంలోనే ఐదు లెక్క తేలాయి. టేపు మీ మిషను దగ్గరే ఉంటుంది కాబట్టి మెడ కూడా కొలవండి, గొంతు ముడి ఎత్తులో, బిగించకుండా. ఇంకో పని, ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు ఛాతీ, ముఖం కనబడేలా మూడు నిమిషాలు ఫోనులో వీడియో తీయండి. ఊపిరి ఆగడం అందులో దొరికితే డాక్టరుకు సగం సంగతి చెప్పక్కర్లేదు, మీ ఆయన కూడా కాదనలేరు.

ఊపిరితిత్తుల డాక్టరుకో, ఈఎన్‌టీకో చూపిస్తే స్లీప్ స్టడీ రాస్తారు. విశాఖలో చేస్తారు, ఇంటికే చిన్న యంత్రం ఇచ్చి పంపే పద్ధతీ ఉంది. ఈఎస్‌ఐ కార్డు ఉంటే ముందు డిస్పెన్సరీకి వెళ్లి రిఫరల్ రాయించుకోండి, నేరుగా ప్రైవేటుకు వెళ్లి తర్వాత బిల్లులు పెట్టుకుందామంటే చిక్కు. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగినవీ తగ్గినవీ గంటకు ఎన్నో లెక్కిస్తారు. ఐదు నుంచి పదిహేను తేలిక, ముప్పై దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. తేలికైతే బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం చాలావరకు సరిపోవచ్చు. వెల్లకిలా తిరగకుండా పాత బనియను వెనక, భుజాల మధ్య జేబు కుట్టి టెన్నిస్ బంతి పెడతారు, మీకది పది నిమిషాల పని. మధ్యస్థం, తీవ్రం అయితే సీపాప్ యంత్రం. ముక్కుకు మాస్కుతో గాలి ఒత్తిడి పెట్టి గొంతు దారి తెరిచి ఉంచుతుంది. ఖర్చు వేలల్లోనే. మొదటి రెండు వారాలు మాస్కు చికాకు పెడుతుంది, చాలామంది అక్కడే మూలన పడేస్తారు. మాస్కు సైజు సరిచేయించుకుంటే, నోరు ఎండకుండా తేమ పెట్టె వాడితే అలవాటవుతుంది. రోజూ కనీసం నాలుగు గంటలైనా వాడకపోతే కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే.

పరీక్షయ్యేదాకా ఉద్యోగం సంగతి మూడు రకాలుగా ఆలోచించవచ్చు. మొదటిది, ఇప్పటిలాగే సాగడం. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి యాభై మీటర్లు ఎవరి అదుపూ లేకుండా పోతుంది. ఉదయం ఆరంటే ఒంటి గడియారం అట్టడుగున ఉండే వేళ, లారీల రద్దీ వేళ కూడా. అందుకే ఈ దారి నేను వద్దంటాను. రెండోది, షిఫ్టులు చేస్తూనే బండి మానేసి కంపెనీ బస్సులోనో, మేలుకుని ఉన్న తోటివారి బండి వెనకో రావడం. అరగంట ఆలస్యమవుతుంది, జీతానికి నష్టం లేదు. మూడోది, డాక్టరు చీటీతో కొన్నాళ్లు జనరల్ షిఫ్టు అడగడం. నైట్ అలవెన్సు పోతుంది, చెబితే పని నుంచి తప్పిస్తారన్న భయమూ ఉంటుంది, అది ఉట్టి భయం కాదు. అయితే రసాయనాల రియాక్టరు దగ్గర కునుకు తీసిన ఆపరేటరు ఒక్కడికే కాదు, షిఫ్టులో ఉన్నవాళ్లందరికీ ప్రమాదం. పరీక్ష చేయించుకుని చికిత్స మొదలుపెట్టినవాడిగా వెళ్లి అడగడం, ఏదో జరిగాక సంజాయిషీ ఇచ్చుకోవడం కన్నా మేలు. ఉద్యోగం పూర్తిగా మానేయడం ఇప్పుడే అక్కర్లేదు. చికిత్స మొదలయ్యాక మత్తు బాగా తగ్గేవాళ్లు ఎక్కువ.

సీ షిఫ్టు వారంలో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఒక నిద్ర తీసి వెళ్లమనండి. టీ షిఫ్టు మొదట్లోనే, తెల్లవారుజామున రెండు దాటాక వద్దు. పగలు పడుకునే గదికి దళసరి తెర, ఫోను పక్క గదిలో. దారిలో రెప్ప వాలితే ముఖం కడుక్కోవడం, పాటలు పెట్టుకోవడం నాలుగు నిమిషాలు కూడా పనిచేయవు. పక్కకు ఆపి, ఒక టీ తాగి వెంటనే పదిహేను, ఇరవై నిమిషాలు కునుకు తీయడమే పనికొస్తుంది. కెఫీన్ ఎక్కడానికీ అంతే సమయం పడుతుంది. ఆ అల్ప్రాజోలం మాత్రం ఆయనకు మళ్లీ ఇవ్వకండి. అది గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తుంది, ఊపిరి ఆగితే మెదడు లేపడాన్నీ ఆలస్యం చేస్తుంది.

ఇక మీ సంగతి. మెట్ల మీద ఆయాసం, జుట్టు రాలడం, కాళ్లు లాగడం, ఎక్కువ రోజుల నెలసరి, ఈ నాలుగూ ఒకే చోట కనిపిస్తే ఐరన్ లోపం ముందు గుర్తుకు రావాలి. రాత్రి కాళ్లు ఊపాలనిపించడం ఐరన్ తక్కువైనవారిలో తరచూ ఉంటుంది, అదీ మీ నిద్రను తినేస్తోంది. ఈ వారమే రక్త పరీక్ష చేయించుకోండి: హిమోగ్లోబిన్‌తో పూర్తి రక్త గణన, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలకు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), షుగర్, క్రియాటినిన్ (కిడ్నీకి), వీలైతే బీ12. ఆడవారిలో హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత. అది 12 ఉన్నా ఫెరిటిన్ 30 కన్నా తక్కువైతే నిల్వలు ఖాళీ అయినట్టే. కాళ్లు లాగేవారికి 75 దాకా ఉన్నా ఐరన్ ఇవ్వడం మంచిదంటారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. డాక్టరు చెప్పిన లెక్కలో, ఖాళీ కడుపున నిమ్మరసంతో వేసుకోండి. వికారమైతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు, ఒంటికి పట్టడంలో పెద్ద తేడా రాదు. దానికి అటూ ఇటూ గంట, రెండు గంటలు టీ గానీ, కాల్షియం మాత్ర గానీ వద్దు. మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగకపోవడానికి ఈ టీ కూడా ఒక కారణం కావచ్చు. మలం నల్లగా వస్తుంది, భయపడకండి. నెలలో హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు కొనసాగిస్తేనే నిల్వలు నిండుతాయి. ఎంత వాడినా పెరగకపోతే గానీ, ఫెరిటిన్ బాగుండి రక్తం మాత్రం తక్కువ ఉంటే గానీ వేరే కారణం వెతకాలి, సొంతంగా ఐరన్ పెంచుకుంటూ పోకూడదు. ఏడెనిమిది రోజుల నెలసరికి స్త్రీల డాక్టరును కలవకపోతే ఒకవైపు నింపుతుంటే ఇంకోవైపు కారిపోతూనే ఉంటుంది.

కిడ్నీ భయం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం మండలాల్లో పుట్టిన ఎవరికైనా ఆ భయం సహజమే, మీ ఇంట్లో ఇద్దరున్నారు కాబట్టి ఇంకా. కానీ అలసట ఒక్కటే చూసి కిడ్నీ అనలేం. ఆ జబ్బు మొదట్లో ఏ బాధా పెట్టదు, అలసట తెలిసే వేళకు సాధారణంగా క్రియాటినిన్ చాలా పెరిగి ఉంటుంది. ఉద్దానం రకంలో మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు, కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకండి. క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత లెక్క) చూడాలి. ఈజీఎఫ్‌ఆర్ 60 కన్నా తక్కువగా మూడు నెలలు ఉంటే దీర్ఘకాలిక జబ్బంటారు. బాగుంటే ఏడాదికోసారి చూపించుకుంటే చాలు, తేడా ఉంటే పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉండనే ఉన్నాయి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూదులు మాత్రం వేయించుకోకండి. మీ కుటుంబానికి అవి మంచివి కావు. ఆ ఆర్‌ఎంపీ వేసిన సూదులేమిటో అడిగి తెలుసుకోండి. సెలైన్ మాటంటారా, అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, ఐదారు చెంచాల పంచదార. టానిక్ గురించి అడిగారు. రిపోర్టులు రాకముందు ఏదీ కొనకండి.

నిద్ర విషయంలో మీరు చేస్తున్నది తిరగబడుతోంది. రాత్రి ఎనిమిది గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు పక్క మీదే ఉంటున్నారు, నిద్ర మాత్రం నాలుగు గంటల దగ్గరే ఆగుతోంది. పక్క చూస్తే మెలకువే గుర్తొచ్చేలా మెదడుకు అలవాటైపోయింది. రెండు దారులున్నాయి. మెల్లగా పోయేది: మధ్యాహ్నం పడక మానేసి కుర్చీలో ఇరవై నిమిషాలు, ఆఖరి టీ రెండింటికి ముందు, రాత్రి పక్క పదికి. నెలన్నరకి గానీ తేడా కనబడదు, ఇబ్బంది తక్కువ. గట్టిది: రెండు వారాలు పడుకున్న, లేచిన వేళలు రాసుకుని, పక్క మీద ఉండే సమయాన్ని ఐదున్నర, ఆరు గంటలకు కుదించడం, అంటే రాత్రి పదిన్నర, పదకొండు నుంచి నాలుగున్నర దాకా. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి హాల్లో కూర్చోవాలి, గడియారం చూడకూడదు, మత్తొచ్చాకే పక్క దగ్గరకు వెళ్లాలి. పక్క మీదున్న సమయంలో నూటికి 85 పాళ్లు నిద్ర పడుతుంటే వారానికి పావుగంట పెంచుకుంటూ పోవాలి. మొదటి పది రోజులు పగలు మత్తుగా ఉంటుంది. అది పద్ధతి పనిచేస్తున్న గుర్తే గానీ ఆ రోజుల్లో కాగే నూనె దగ్గర, మిషను సూది దగ్గర జాగ్రత్త. మూర్ఛలు, బైపోలార్ జబ్బు ఉన్నవారు దీన్ని సొంతంగా చేయకూడదు. రక్తం బాగా తక్కువని తేలితే మీకు మెల్లని దారే నయం.

బాగున్న రోజు బకాయి జాకెట్లన్నీ కుట్టేసి, తర్వాత రెండు రోజులు లేవలేకపోతున్నారని ఓ చోట రాశారు. ఆ బాగున్న రోజునే సగానికి ఆపండి. నలభై నిమిషాలు కుట్టు, పది నిమిషాలు లేచి తిరగడం. పరీక్షలన్నీ బాగుండి, నిద్ర వేళలు సరిచేసుకున్నా అలసట పోకపోతే రెండు సంగతులు చూడాలి. ఒకటి, మీకూ గురక ఉందేమో. ఆడవారిలో స్లీప్ ఆప్నియా చాలాసార్లు మత్తుగా కాక అలసటగా, నిద్రలేమిగానే బయటపడుతుంది. రెండు, ఏ పనీ, ఏ మనిషీ ఇష్టం లేనట్టు రెండు వారాలకు పైగా ఉందేమో. ఉంటే మానసిక వైద్యుల్ని కలవండి, 14416 టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

మీరు వేసుకుంటున్న అల్ప్రాజోలం మాత్ర ఒక్కసారిగా మానకండి. రోజూ వేసుకుంటూ నెలన్నర అయింది కాబట్టి హఠాత్తుగా ఆపితే గుండెదడ, వణుకు, ముందుకన్నా ఘోరమైన నిద్రలేమి రావచ్చు. డాక్టరుకు చెప్పి వారాల మీద తగ్గించుకోండి, అది కూడా నిద్ర వేళలు కుదిరాక.

అత్తగారితో వాదించకండి. రక్త పరీక్ష రిపోర్టు వచ్చాక ఆ కాగితం ఆవిడ ముందే ఇంట్లోవాళ్ల చేత చదివించండి. మధ్యాహ్నం పడక ఎలాగూ మానేస్తున్నారు కాబట్టి ఆవిడ మాటకు అవకాశం కూడా తగ్గుతుంది.